యజమాని లేని ఏడు జీబీలు: ఒక లినక్స్ వర్క్‌స్టేషన్ మెమొరీ డైరీ

2025 నవంబరు 2, ఆదివారం

మా తాతగారు పెట్టెల్లో దాచిన పాత తెలుగు మాసపత్రికలను స్కాన్ చేసి, ఓసీఆర్‌తో వెతకడానికి వీలైన పాఠంగా మార్చే పనిని ఏడాదిగా ఇంట్లోని డెస్క్‌టాప్ మీద చేస్తున్నాను. నాలుగు కోర్ల ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 500 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్న యంత్రం అది. దాని మీద లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్ నడుస్తోంది. గత నెలలో డెబియన్ 12 నుంచి 13కు, అంటే ‘ట్రిక్సీ’కి, అప్‌గ్రేడ్ చేశాను. అప్పటి నుంచి రెండో సంచికో మూడో సంచికో నడుస్తున్న సమయానికి మౌస్ కదలడం మానేస్తోంది, కీబోర్డు మీద కొట్టిన అక్షరం అర నిమిషానికి గాని తెర మీదికి రావడం లేదు, ఎస్‌ఎస్‌డీ లైటు ఆరకుండా వెలుగుతూనే ఉంటోంది. రీబూట్ చేస్తే అంతా మామూలైపోతోంది. ఈ ‘రీబూట్ చేస్తే తగ్గిపోతుంది’ అన్న ఓదార్పుతోనే మూడు వారాలు గడిపేశాను కనుక, ఈ రోజు నుంచి ఏ మార్పు చేసినా ముందు ఒక కొలత, తర్వాత ఒక కొలత రాసిపెట్టుకోవాలని నిర్ణయించుకున్నాను.

ముందుగా రెండు మాటల సర్దుబాటు. పత్రికకూ పేజీలుంటాయి, మెమొరీకీ పేజీలుంటాయి. గందరగోళం లేకుండా పత్రికవాటిని ‘పుటలు’ అనీ, లినక్స్ గుండెకాయ అయిన కెర్నెల్ మెమొరీని లెక్కపెట్టే 4 కేబీ ముక్కలను ‘పేజీలు’ అనీ రాస్తాను. జీబీ, ఎంబీ అన్నచోట్ల 1024 లెక్కే వాడతాను.

నవంబరు 3, సోమవారం

రాత్రి రెండు సంచికలను వెంటవెంటనే పెట్టాను. మొదటిది 97వ పుట దగ్గర ఏదో దోషంతో ఆగిపోయింది. దాన్ని పక్కన పెట్టి రెండోది నడిపాను. అరగంటలో యంత్రం బిగుసుకుపోవడం మొదలైంది. ముందే తెరిచి ఉంచిన టెర్మినల్‌లో ‘ఫ్రీ’ కమాండు ఇచ్చిన జవాబు ఇది: మొత్తం 15.5 జీబీ, పూర్తి ఖాళీగా ఉన్నది 0.3 జీబీ, బఫర్లూ క్యాష్ కలిపి 8 జీబీ, అందుబాటులో ఉన్నది 0.6 జీబీ. స్వాప్, అంటే మెమొరీ చాలనప్పుడు పేజీలను పంపడానికి డిస్కు మీద కేటాయించిన చోటు, 975 ఎంబీ, అందులో వాడినది 975 ఎంబీ.

స్వాప్ ఇంత చిన్నదిగా ఉండటానికి కారణం నేనే. ఇన్‌స్టాల్ చేసిన రోజున డెబియన్ ఇన్‌స్టాలర్ సూచించిన విభజనను చదవకుండా ఒప్పుకున్నాను. అది ఒక జీబీకి కాస్త తక్కువగా స్వాప్ విభాగాన్ని కేటాయించింది.

లినక్స్‌లో ‘ఖాళీ’ అన్న అంకె తక్కువగా ఉండటం జబ్బు కాదు. వాడని మెమొరీ వృథా కనుక, కెర్నెల్ దాన్ని డిస్కు నుంచి చదివిన ఫైళ్ల క్యాష్‌తో నింపి ఉంచుతుంది, ఎవరైనా అడిగితే ఆ క్యాష్‌ను వదిలేసి ఇస్తుంది. అందుకే 2014లో వచ్చిన 3.14 కెర్నెల్ నుంచి ‘అందుబాటులో ఉన్నది’ అనే అంచనాను కెర్నెలే వేసి చూపుతోంది. యంత్రం పరిస్థితి చెప్పే అంకె అదే. ఇది నాకు తెలిసిన పాఠమే. తెలిసి కూడా, ‘క్యాష్ 8 జీబీ ఉందిగా, కావలసి వస్తే అదే ఖాళీ అవుతుంది’ అనుకున్నాను. ఎనిమిది జీబీలు వదిలేయదగిన క్యాష్ అయితే అందుబాటులో 0.6 జీబీ మాత్రమే ఎందుకు చూపుతోందన్న ప్రశ్న ఈ రాత్రి తట్టలేదు. తట్టి ఉంటే ఈ డైరీ ఇక్కడితో ముగిసేది.

నడుస్తున్న ప్రోగ్రాముల (ప్రాసెస్‌ల) జాబితా చూపే ‘టాప్’ను మెమొరీ వరుసలో అమర్చి చూస్తే పైన బ్రౌజర్, దాని కింద బ్రౌజర్ ట్యాబులు, ఆ తర్వాత ఓసీఆర్ చేసే టెసరాక్ట్ ప్రాసెస్‌లు నాలుగు కనిపించాయి. తప్పంతా బ్రౌజర్‌దేనని తేల్చేసి పడుకున్నాను.

నవంబరు 5, బుధవారం

బ్రౌజర్ పూర్తిగా మూసి, నిన్న అవే రెండు సంచికలను మళ్లీ నడిపాను. బిగుసుకుపోవడం ఆలస్యమైందే గాని ఆగలేదు.

ఈ రోజు ‘స్వాపినెస్’ అనే కెర్నెల్ సెట్టింగు మీద ప్రయోగం. ఎక్కడ అడిగినా మొదట వచ్చే సలహా దాన్ని 60 నుంచి 10కి దించమనే. దించాను. పరిస్థితి మెరుగుపడకపోగా, ముందుకంటే త్వరగా తెర గడ్డకట్టింది. ఎందుకో అర్థం చేసుకోవడానికి సాయంత్రమంతా కెర్నెల్ డాక్యుమెంటేషన్ చదివాను. తెలిసినది రాసుకుంటున్నాను.

మెమొరీలోని పేజీలు ప్రధానంగా రెండు రకాలు. ప్రోగ్రాముల కోడ్, చదివిన ఫైళ్లు మొదలైన వాటికి డిస్కులో సొంత చోటు ఉంది. వాటిని మెమొరీలోంచి తీసేసినా మళ్లీ డిస్కు నుంచి తెచ్చుకోవచ్చు. ప్రోగ్రాములు నడుస్తూ సృష్టించుకునే డేటాకు డిస్కులో చోటు లేదు. ఈ అనామక పేజీలను బయటికి పంపాలంటే వెళ్లడానికి స్వాప్ ఒక్కటే దిక్కు. మెమొరీ బిగిసినప్పుడు ఈ రెండు గుంపుల్లో ఏ గుంపు మీద ఎంత ఒత్తిడి పెట్టాలన్న తూకమే స్వాపినెస్. దానికి ‘ఎంత శాతం మెమొరీ నిండితే స్వాప్ మొదలుపెట్టాలి’ అన్న అర్థం లేదు. చాలామంది అలాగే అనుకుంటారు, నేనూ మొన్నటి దాకా అలాగే అనుకున్నాను. దాని గరిష్ఠ విలువ మొదట 100 ఉండేది. స్వాప్ అన్నది డిస్కు కంటే వేగంగా ఉండే పరిస్థితులు, అంటే మెమొరీలోనే కుదించి దాచే జీర్యామ్ వంటివి, వచ్చాక 5.8 కెర్నెల్‌లో దాన్ని 200కు పెంచారు.

విలువను 10కి దించినప్పుడు నేను కెర్నెల్‌కు చెప్పినదేమిటంటే, అనామక పేజీలను ముట్టుకోవద్దు, ఫైళ్ల పేజీలనే తీసెయ్ అని. ఆ ఫైళ్ల పేజీల్లోనే డెస్క్‌టాప్ కోడ్, టెర్మినల్ కోడ్, మౌస్‌ను కదిపే కోడ్ ఉన్నాయి. వాటిని తీసేయడం, మరుక్షణమే అవి అవసరమై డిస్కు నుంచి మళ్లీ తేవడం, తెచ్చిన చోటు కోసం మరొకదాన్ని తీసేయడం, ఇదే వరస. కనుక తెర గడ్డకట్టడంలో వింతేమీ లేదు. విలువను 60కి తిరిగి మార్చాను.

నవంబరు 8, శనివారం

అమెరికాలో ఉన్న మా తమ్ముడితో ఫోన్లో ఈ గోడు చెప్పుకుంటే, “అన్నయ్యా, అసలు ఆ స్వాప్ తీసెయ్యి. స్వాప్ లేకపోతే స్వాపింగ్ ఎక్కడ?” అన్నాడు. వాదనగా వినసొంపుగా ఉంది. రీబూట్ చేశాక ‘స్వాప్‌ఆఫ్’ ఇచ్చి, మొదటి సంచిక 97వ పుట దగ్గర ఆగిపోయాక రెండోది నడిపాను. ఈసారి మరో టెర్మినల్‌లో ‘వీఎంస్టాట్’ను ఐదు సెకన్లకు ఒకసారి, సమయంతో సహా, ఒక ఫైలులోకి రాయిస్తూ ఉంచాను.

‘వీఎంస్టాట్’ ఇచ్చే మొదటి వరుస యంత్రం బూట్ అయినప్పటి నుంచి సగటు. దాన్ని వదిలేసి రెండో వరుస నుంచి చదవాలి. ‘ఎస్‌ఐ’, ‘ఎస్‌ఓ’ అనే నిలువు వరుసలు స్వాప్ నుంచి లోపలికి, లోపలి నుంచి స్వాప్‌కు సెకనుకు ఎంత కదులుతోందో చెబుతాయి. స్వాప్ తీసేశాను కనుక సహజంగానే రెండూ సున్నాలే. కాని ‘బీఐ’ వరుస, అంటే డిస్కు నుంచి చదువుతున్నది, రాత్రి 10:10 దాటాక వందల నుంచి లక్షల్లోకి ఎగబాకింది. ‘డబ్ల్యూఏ’ వరుస, అంటే డిస్కు కోసం ఎదురు చూస్తూ ప్రాసెసర్ గడిపిన కాలం, డెబ్భై శాతం దాటింది. బుధవారం అర్థమైనదే ఇక్కడ పరాకాష్ఠకు చేరింది. స్వాప్ లేని యంత్రంలో కూడా పేజీలు డిస్కుకూ మెమొరీకీ మధ్య పరుగులు తీస్తాయి, కాకపోతే ఆ పరుగంతా కోడ్ పేజీలదే. ఎవరికీ అక్కరలేని అనామక పేజీలు మాత్రం కదలడానికి దారి లేక మెమొరీలోనే తిష్ఠ వేస్తాయి.

ఇదే సమయంలో ‘/ప్రాక్/ప్రెషర్/మెమొరీ’ ఫైలును కూడా చూశాను. 4.20 కెర్నెల్‌లో చేరిన ఈ కొలత, నా దృష్టిలో, ఇప్పటివరకు మెమొరీ గురించి లినక్స్ చూపిన అంకెలన్నింటిలోకీ నిజాయితీ గలది. మెమొరీ ఎంత ఉందో అది చెప్పదు. మెమొరీ కోసం పనులు ఎంత శాతం కాలం ఆగిపోయాయో చెబుతుంది. ‘సమ్’ వరుస కనీసం ఒక పని ఆగిన కాలం, ‘ఫుల్’ వరుస పని చేయవలసినవన్నీ ఒకేసారి ఆగిపోయిన కాలం. మామూలు రోజున రెండూ సున్నా దగ్గర ఉంటాయి. ఈ రాత్రి ‘ఫుల్’ వరుసలో అరవై సెకన్ల సగటు 61 దాటింది. అంటే ప్రతి పది సెకన్లలో ఆరు సెకన్లు యంత్రం ఏ పనీ చేయలేదన్నమాట.

చివరికి కెర్నెల్ తన ఆఖరి అస్త్రాన్ని తీసింది. మెమొరీ పూర్తిగా అయిపోయినప్పుడు ఒక ప్రాసెస్‌ను చంపి చోటు చేసే ఓఓఎం కిల్లర్ బ్రౌజర్ ట్యాబులను ఒక్కొక్కటిగా చంపింది. ఆ ట్యాబులు ఒక్కొక్కటి రెండు మూడు వందల ఎంబీలకు మించనివి. బ్రౌజర్లు తమ ట్యాబులను ‘ముందు వీటిని తీసుకోండి’ అని తామే గుర్తు పెట్టి ఉంచుతాయి కనుక బలి అయ్యేవి అవే. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు ఉంది.

ఆ సమయంలో కెర్నెల్ లాగ్‌లో రాసిన నివేదికను ‘జర్నల్‌సీటీఎల్’తో తీసి దాచుకున్నాను. అందులో ఒక అంకె కళ్లకు గుచ్చుకుంది. ‘ఎస్‌హెచ్‌మెమ్’ ఎదుట 20,36,412 పేజీలు అని ఉంది. పేజీ 4 కేబీ కనుక, అది 7.77 జీబీ. షేర్డ్ మెమొరీ, అంటే ప్రాసెస్‌లు ఒకదానితో ఒకటి పంచుకునే మెమొరీ, నా డెస్క్‌టాప్ మీద మామూలుగా రెండు వందల ఎంబీలు కూడా దాటదు. ఏ రెండు ప్రోగ్రాములు ఏడున్నర జీబీలను పంచుకుంటున్నాయి?

నవంబరు 9, ఆదివారం

ఉదయం కాఫీ తాగి కాగితం పెన్ను తీసుకుని కూర్చున్నాను. దుకాణం లెక్క సరిచూసినట్టు, ఎవరి ఖాతాలో ఎంత ఉందో రాసి కూడితే మొత్తం రావాలి. రాకపోతే తేడా ఎక్కడుందో అక్కడే దొంగ ఉంటాడు.

స్వాప్‌ను తిరిగి పెట్టి, అదే రెండు సంచికలతో అదే స్థితిని మళ్లీ తెచ్చాను. ఒక్కో ప్రాసెస్ మెమొరీలో ఎంత ఉందో చెప్పే ‘టాప్’లోని ‘రెస్’ అంకెలను కూడటం తప్పు. ఒకే లైబ్రరీని ఇరవై ప్రాసెస్‌లు పంచుకుంటే దాన్ని ఇరవై సార్లు లెక్కపెట్టినట్టు అవుతుంది. అందుకని ‘ఎస్‌మెమ్’ అనే చిన్న సాధనంతో ‘పీఎస్‌ఎస్’ అంకెలు తీసుకున్నాను. పంచుకున్న పేజీని పంచుకున్నవాళ్ల సంఖ్యతో భాగించి ఎవరి వాటా వారికి వేసే లెక్క అది. యంత్రంలోని ప్రాసెస్‌లన్నిటి వాటా కలిపితే 6.3 జీబీ వచ్చింది. కెర్నెల్ తన సొంత అవసరాలకు తీసుకున్న ‘స్లాబ్’ 0.6 జీబీ. పూర్తి ఖాళీ 0.3. అసలైన ఫైళ్ల క్యాష్ దాదాపు 0.9. అన్నీ కలిపితే 8.1 జీబీ. యంత్రంలో ఉన్నది 15.5. ఏడు జీబీలకు పైగా మెమొరీ ఏ ప్రాసెస్ ఖాతాలోనూ లేదు.

తర్వాత స్వాప్ లెక్క. ప్రతి ప్రాసెస్‌కు ‘/ప్రాక్’లో ఉండే ‘స్టేటస్’ ఫైలులోని ‘వీఎంస్వాప్’ అంకెలను కూడాను. 290 ఎంబీ వచ్చింది. వాడిన స్వాప్ 975 ఎంబీ. ఇక్కడా 685 ఎంబీలకు యజమాని లేడు.

రెండు లెక్కల్లోనూ ఒకే రకమైన తేడా కనిపించడంతో పాత ప్రశ్న ఎట్టకేలకు తట్టింది. ఎనిమిది జీబీల ‘క్యాష్’ ఉండగా అందుబాటులో 0.6 మాత్రమే ఎందుకుంది? ‘ఫ్రీ’ చూపే పట్టికలో నేను ఎప్పుడూ చదవని ‘షేర్డ్’ అనే వరుస ఒకటి ఉంది. అందులో 7.1 జీబీ ఉంది. అంటే ఆ ఎనిమిది జీబీలలో ఏడు జీబీలు క్యాష్ లెక్కలోకి చేరినవే గాని, వదిలేయడానికి వీలైన క్యాష్ కాదు. ‘షేర్డ్’ అంటే ప్రాసెస్‌లు పంచుకునేదే అని నేను అనుకుంటూ వచ్చాను. మెమొరీలోనే ఉండే ఫైల్ సిస్టమ్, అంటే ‘టెంప్‌ఎఫ్‌ఎస్’లో రాసిన ఫైళ్లను కూడా కెర్నెల్ ఆ పద్దు కిందే రాస్తుంది. ఆ ఫైళ్లు ఫైళ్లే కనుక క్యాష్‌లో లెక్కపెడుతుంది. కాని వాటికి డిస్కులో చోటు లేదు కనుక వాటిని అనామక పేజీల్లాగే చూడవలసి ఉంటుంది, స్వాప్‌కు తప్ప మరెక్కడికీ పంపలేదు. స్వాప్‌లోకి వెళ్లిన వాటి భాగం ఏ ప్రాసెస్ ‘వీఎంస్వాప్’లోనూ చేరదు. ఫైలు సృష్టించిన ప్రాసెస్ చనిపోయినా ఫైలు ఉన్నంతకాలం మెమొరీ ఖర్చవుతూనే ఉంటుంది. ఓఓఎం కిల్లర్ ఎంతమందిని చంపినా ఆ ఏడు జీబీలలో ఒక్క పేజీ కూడా ఎందుకు తిరిగి రాలేదో దీనితో తేలిపోయింది.

‘డీఎఫ్’ కమాండు ఇస్తే సమాధానం ఒక్క వరుసలో కనిపించింది: ‘/టెంప్’, రకం టెంప్‌ఎఫ్‌ఎస్, మొత్తం 7.8 జీబీ, వాడినది 7.7 జీబీ, 99 శాతం. ‘డీఎఫ్’ అంకెలను పైకి సవరించి చూపుతుంది. అసలు ఉన్నది 7.61.

ఆ డైరెక్టరీలో ఉన్నవి నా సొంత స్క్రిప్టు చేసిన రెండు ఫోల్డర్లు. ఒకటి ఇప్పుడు నడుస్తున్న సంచికది, మరొకటి 97వ పుట దగ్గర ఆగిపోయిన సంచికది. ఏడాది క్రితం రాసిన ఆ స్క్రిప్టు ముందుగా పీడీఎఫ్‌లోని పుటలన్నిటినీ ‘పీడీఎఫ్‌టుపీపీఎం’తో 400 డీపీఐ (అంగుళానికి 400 చుక్కల) రంగు బొమ్మలుగా మార్చి ‘/టెంప్’లో పెడుతుంది, ఆ తర్వాతే ఓసీఆర్ మొదలుపెడుతుంది. ఈ పత్రిక పుట ఏడు అంగుళాల వెడల్పు, తొమ్మిదిన్నర అంగుళాల ఎత్తు. 400 డీపీఐలో 2800 పిక్సెళ్ల వెడల్పు, 3800 పిక్సెళ్ల ఎత్తు, పిక్సెల్‌కు మూడు బైట్లు. పీపీఎం ఫార్మాట్‌లో కుదింపు ఉండదు కనుక పుటకు 3 కోట్ల 19 లక్షల 20 వేల బైట్లు. 128 పుటలకు 408 కోట్ల బైట్లకు పైచిలుకు, అంటే 3.8 జీబీ. రెండు సంచికలకు 7.6. లెక్క పైసాతో సహా సరిపోయింది. మెమొరీలో 7.1, స్వాప్‌లో దాదాపు 0.67, కలిపితే 7.77. నిన్నటి నివేదికలోని అంకె కూడా ఇదే. మిగిలిన 0.16 డెస్క్‌టాప్ నిజంగా పంచుకుంటున్నది.

ఆగిపోయిన సంచిక ఫోల్డరును తుడిచేశాను. ఒక్క ప్రాసెస్‌ను కూడా ఆపకుండానే అందుబాటులో ఉన్న మెమొరీ 0.6 నుంచి 3.8 జీబీకి పెరిగింది, వాడిన స్వాప్ 975 నుంచి 350 ఎంబీకి దిగింది. మూడు వారాల జబ్బుకు మందు ఒక ‘ఆర్‌ఎం’ కమాండు.

ఇప్పుడు గుర్తుకు వస్తోంది. అక్టోబరులో ఒకసారి మూడో సంచిక పెట్టినప్పుడు ‘డివైస్‌లో ఖాళీ లేదు’ అన్న సందేశం వచ్చింది. ఎస్‌ఎస్‌డీలో 140 జీబీ ఖాళీ ఉండగా ఇదేం మాట అని విసుక్కుని రీబూట్ చేశాను. యంత్రం అప్పుడే నిజం చెప్పింది.

నవంబరు 11, మంగళవారం

అప్‌గ్రేడ్‌కు ముందు ఇదే స్క్రిప్టు ఇదే యంత్రం మీద ఏడాదిపాటు సజావుగా నడిచింది. ఏం మారిందో ట్రిక్సీ విడుదల గమనికల్లో స్పష్టంగానే రాసి ఉంది. డెబియన్ 13 నుంచి ‘/టెంప్’ డైరెక్టరీ డిఫాల్ట్‌గా టెంప్‌ఎఫ్‌ఎస్‌లో ఉంటుంది, మెమొరీలో సగం వరకు పెరగగలదు, వద్దనుకున్నవాళ్లు ఫలానా కమాండుతో పాత పద్ధతికి మారవచ్చు. నేను ఆ గమనికలు చదవకుండా అప్‌గ్రేడ్ చేశాను. ఇంకెవరినీ అనడానికి లేదు.

అదే గమనికల్లో మరో మాట: అప్‌గ్రేడ్‌కు ముందు ‘/టెంప్’లో ఉన్న ఫైళ్లు పోవు, కొత్త టెంప్‌ఎఫ్‌ఎస్ వాటి మీద కప్పుకుని ఉండటంతో కనిపించవు. రూట్ ఫైల్ సిస్టమ్‌ను మరోచోట బైండ్ మౌంట్ చేసి, అంటే దాన్నే ఇంకో దారిలో తెరిచి, చూశాను. కింద ఒక సంచిక, 128 పుటలు, 3.8 జీబీ, అప్‌గ్రేడ్ చేసిన నాటి తేదీతో పడి ఉంది. స్క్రిప్టు మధ్యలో ఆగిపోతే ఫోల్డరు మిగిలిపోవడం కొత్తేమీ కాదు. డెబియన్ 12లో అది డిస్కు మీద పడి ఉండేది, తర్వాతి బూట్‌లో తుడిచిపెట్టుకుపోయేది. నా పొరపాటును ఏడాదిపాటు ఎస్‌ఎస్‌డీ మోసింది, ఇప్పుడు ఆ బరువు ర్యామ్ మీద పడింది.

నవంబరు 13, గురువారం

స్క్రిప్టును తిరగరాశాను. తాత్కాలిక ఫోల్డరు ఇప్పుడు ‘/వార్/టెంప్’లో ఏర్పడుతుంది, అది డిస్కు మీద ఉండేదే. స్క్రిప్టు మామూలుగా ముగిసినా, దోషంతో ఆగిపోయినా, మధ్యలో నేను కంట్రోల్ సీ నొక్కినా, అందులో పెట్టిన ‘ట్రాప్’ అనే కమాండు ఆ ఫోల్డరును తుడిచేస్తుంది.

కాని చోటు మార్చడంతో సరిపెట్టుకుంటే రోగాన్ని ఒక గది నుంచి మరో గదికి మార్చినట్టే. 128 పుటలనూ ముందే విప్పి పరచుకోవడం అసలు అవసరమా? ఇప్పుడు ఒక్కో పుటను విప్పడం, ఓసీఆర్ చేయడం, బొమ్మను తుడిచేయడం, ఈ మూడూ ఒకే పనిగా జరుగుతాయి. అలాంటి పనులు నాలుగు సమాంతరంగా నడుస్తాయి. టెసరాక్ట్‌కు అక్షరాలు చదవడానికి రంగు అవసరం లేదు కనుక, రంగు మాని బూడిద రంగు బొమ్మలే ఇస్తున్నాను. ఇరవై పుటలను రెండు విధాలా చదివించి పోల్చాను, వచ్చిన తేడాలు వేళ్ల మీద లెక్కపెట్టదగినవి, అవి కూడా వెలిసిపోయిన ఒత్తుల దగ్గరే. బూడిద రంగు పుట 1 కోటి 6 లక్షల 40 వేల బైట్లు. ఒకేసారి నాలుగు పుటలు ఉంటే 41 ఎంబీ. 3.8 జీబీ ఎక్కడ, 41 ఎంబీ ఎక్కడ!

97వ పుట సంగతి కూడా తేలింది. అది పుట నిండా ఒక చిత్రం. ఓసీఆర్ నుంచి ఖాళీ పాఠం వస్తే దోషంగా భావించి ఆగిపొమ్మని స్క్రిప్టుకు చెప్పినది నేనే. ఇకమీదట ఖాళీ పుట వస్తే దాని సంఖ్యను ఒక ఫైలులో రాసుకుని ముందుకు సాగుతుంది.

పనిలో పనిగా మరో పాత లోపం దొరికింది. టెసరాక్ట్ ఒక్కొక్కటి, పనిని కోర్ల మధ్య పంచే ఓపెన్‌ఎంపీ ద్వారా, నాలుగు థ్రెడ్‌ల (సమాంతరంగా నడిచే పాయల) దాకా తెరుచుకుంటుంది. నాలుగు కోర్ల మీద నాలుగు టెసరాక్ట్‌లు నడిపితే పదహారు థ్రెడ్‌లు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ‘ఓఎంపీ థ్రెడ్ లిమిట్’ అనే ఎన్విరాన్‌మెంట్ చరరాశికి 1 ఇచ్చాను. సంచికకు 41 నిమిషాలు పట్టేది, ఇప్పుడు 23 నిమిషాలు పడుతోంది. మెమొరీ కోసం తవ్వితే కాలం దొరికింది.

నవంబరు 15, శనివారం

ఈ రోజు యంత్రం సంగతి చూశాను. ‘/టెంప్’ను పాత పద్ధతికి మార్చాలా వద్దా అని కొంత తర్జనభర్జన పడ్డాను. మార్చలేదు. చిన్న చిన్న తాత్కాలిక ఫైళ్లకు మెమొరీయే తగిన చోటు, ఎస్‌ఎస్‌డీ మీద అనవసరపు రాతలు కూడా తగ్గుతాయి. అయితే సగం మెమొరీ దాకా పెరిగే స్వేచ్ఛ ఈ యంత్రానికి ఎక్కువ. ‘టెంప్ డాట్ మౌంట్’ యూనిట్‌ను సవరించి పరిమితిని 2 జీబీకి దించాను. ఇక ఏ స్క్రిప్టు దారి తప్పినా యంత్రం గడ్డకట్టేలోపే ‘ఖాళీ లేదు’ అన్న సందేశం వస్తుంది. ఈసారి వస్తే విసుక్కోకుండా చదువుతాను.

స్వాప్ కోసం రూట్ విభాగంలో, అది ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ కనుక ఇబ్బంది లేకుండా, 4 జీబీ ఫైలు ఒకటి చేశాను. ఫైలు కేటాయించి, రూట్ తప్ప మరెవరూ చదవకుండా అనుమతులు 600కు మార్చి, ‘ఎంకేస్వాప్’, ‘స్వాప్‌ఆన్’ ఇచ్చి, ‘ఎఫ్‌స్టాబ్’లో ఒక వరుస చేర్చాను. ర్యామ్‌కు రెట్టింపు స్వాప్ ఉండాలన్న పాత సూత్రం ఈ యంత్రానికి పట్టదు. పదహారు జీబీల పని స్వాప్ మీద నడవాల్సిన రోజే వస్తే, అంతకుముందే యంత్రం వాడడానికి పనికిరాకుండా పోతుంది. నేను కంప్యూటర్‌ను హైబర్నేట్ చేయను, అంటే మెమొరీని డిస్కులో దాచి ఆపను, కనుక ఆ అవసరమూ లేదు. ఉదయం తెరిచి మరిచిపోయిన ట్యాబుల్లాంటి చల్లారిన పేజీలు పక్కకు జరగడానికి చోటు కావాలి, అందుకు నాలుగు జీబీలు ధారాళం.

జీర్యామ్‌ను కూడా ఒక పూట ప్రయత్నించాను. మెమొరీలోనే కుదించి దాచే స్వాప్ అది. ఫెడోరా 2020లో వచ్చిన 33వ విడుదల నుంచి దాన్నే డిఫాల్ట్‌గా ఇస్తోంది. మామూలు డెస్క్‌టాప్‌కు మంచిదే. నా పాత స్క్రిప్టునే దాని మీద నడిపి చూస్తే, పాత కాగితం మచ్చలూ గరుకూ ఉన్న రంగు స్కాన్‌లు అంతగా కుదించుకోలేదు, బిగుసుకుపోవడం పది నిమిషాలు వాయిదా పడింది, అంతే. తీసేశాను.

చివరగా, ఓసీఆర్ పనిని ‘సిస్టమ్‌డీ రన్’తో ఒక ప్రత్యేక స్కోప్‌లో, అంటే సొంత పరిమితులున్న ప్రాసెస్‌ల గుంపులో, నడుపుతున్నాను. దానికి ‘మెమొరీ హై’ 2 జీబీ, ‘మెమొరీ మ్యాక్స్’ 3 జీబీ. మొదటి గీత దాటితే ఆ పనిని మాత్రమే నెమ్మదింపజేస్తుంది, రెండో గీత దాటి చోటు దొరక్కపోతే ఆ స్కోప్‌లోని ప్రాసెస్‌నే చంపుతుంది. బ్రౌజర్ ట్యాబులకు ఇక ప్రాణభయం లేదు. ఈ పద్ధతిలో ఇంకో సౌకర్యం ఉంది: టెంప్‌ఎఫ్‌ఎస్‌లో రాసిన పేజీలను కూడా వాటిని మొదట ముట్టుకున్న సీగ్రూప్ (ఇలాంటి ప్రాసెస్‌ల గుంపు) ఖాతాలోనే కెర్నెల్ రాస్తుంది. ఏ ప్రాసెస్ ఖాతాలోనూ కనిపించనివి అక్కడి ‘మెమొరీ స్టాట్’ ఫైలులో ‘ఎస్‌హెచ్‌మెమ్’ వరుసగా కనిపిస్తాయి. మొదటి రోజే అక్కడ చూసి ఉంటే కాగితం లెక్కలు అక్కరలేకపోయేవి.

నవంబరు 23, ఆదివారం

ఎనిమిది రోజుల ‘వీఎంస్టాట్’ ఫైలును చదివాను. ‘ఎస్‌ఐ’, ‘ఎస్‌ఓ’ వరుసల్లో రోజుకు నాలుగైదు చోట్ల తప్ప అన్నీ సున్నాలే. మెమొరీ ఒత్తిడి ఫైలులో ‘ఫుల్’ వరుస అరవై సెకన్ల సగటు ఎప్పుడు చూసినా సున్నా. ఈ ఉదయం వాడిన స్వాప్ 412 ఎంబీ అని చూపుతోంది. నెల క్రితం అయితే కంగారుపడి ఉండేవాణ్ని. ఆ 412 ఎంబీలు మూడు రోజులుగా కదలలేదు. బయటికి వెళ్లి మళ్లీ ఎవరూ పిలవని పేజీలు స్వాప్‌లో ఉంటే, అవి ఉండవలసిన చోటే ఉన్నట్టు.

తమ్ముడికి ఈ డైరీ పంపాను. “అయితే స్వాప్ ఉంచమంటావా?” అని ఒక్క వాక్యం జవాబు రాశాడు. వాడి ల్యాప్‌టాప్‌లో ‘/టెంప్’ ఏ రకం ఫైల్ సిస్టమో ముందు చూసుకొమ్మని రాశాను.

నిన్న ఒక్క రోజులో ఐదు సంచికలు పూర్తయ్యాయి. ఖాళీ పుటల జాబితాలో పదకొండు సంఖ్యలు చేరాయి. వాటిలో తొమ్మిది చిత్రాలే. మిగిలిన రెండు చిత్రాలు కావు, సిరా పూర్తిగా వెలిసిపోయిన పుటలు. వాటిని ఈసారి 600 డీపీఐలో మళ్లీ స్కాన్ చేయాలి. బూడిద రంగులో పుటకు దాదాపు 2 కోట్ల 39 లక్షల బైట్లు అవుతుంది, రెండే పుటలు కనుక పరిమితులేమీ మార్చనక్కరలేదు.